డైరెక్టరీ ప్రాక్సీలో పేర్లు మార్చే రూల్స్ ముట్టుకునే ముందు

వానాకాలం వచ్చిందంటే మా పనికి గండాలన్నీ వరసగా వస్తాయి. జూలైలో కాలేజీల నుంచి కొత్త బ్యాచ్ దిగుతుంది, అకౌంట్లన్నీ ఒక్కసారే తెరవాలి. ఆ వెనకే వినాయక చవితి. సగం టీమ్ ఊళ్లకు వెళ్లిపోతుంది, మిగిలిన సగం నిమజ్జనం రోజు ఇల్లు కదలలేదు. తర్వాత దసరా. సరిగ్గా ఈ సందులోనే ఎవరో ఒకరు మీటింగులో అంటారు: "సెలవుల్లో ఎవరూ ఉండరు కదా, ఆ డైరెక్టరీ పని కూడా కానిచ్చేద్దాం."

డైరెక్టరీ అంటే ఆఫీసులో అందరి పేర్లు, పాస్‌వర్డులు, గ్రూపులు ఉండే పట్టిక. ఆ పని అంటే దాని ముందున్న ప్రాక్సీలో పేర్లు మార్చే రూల్స్ మార్చడం. ఎవరూ ఉండరు కాబట్టే చెయ్యకూడదు అంటాను నేను. ఎవరూ లాగిన్ కాని రోజు రూల్ మారిస్తే, తప్పు జరిగిన సంగతి సెలవులు అయ్యాక పొద్దున తొమ్మిదిన్నరకి, అందరికీ ఒక్కసారే తెలుస్తుంది. మంగళవారం కొత్త పని మొదలుపెట్టొద్దంటుంది మా అమ్మ. ఈ ఒక్క పనికి మాత్రం మంగళవారమే మంచిది. సోమవారం రద్దీ తగ్గి ఉంటుంది, ఏదైనా తేడా వస్తే సరిచెయ్యడానికి ఇంకా మూడు పనిదినాలు చేతిలో ఉంటాయి.

ఈ రాత ఓపెన్ ఎల్‌డాప్ అనే డైరెక్టరీ సర్వర్‌ని ప్రాక్సీగా, అంటే మధ్యవర్తిగా పెట్టుకుని, దానికి తగిలించే ఆర్‌డబ్ల్యూఎం అనే ఓవర్‌లేతో, అంటే అదనపు ముక్కతో, పేర్లు మార్పించుకుంటున్న వాళ్ల కోసం. హైటెక్ సిటీ చుట్టుపక్కల ఇది చాలా ఆఫీసుల్లో కనబడే ఏర్పాటే. రెండు కంపెనీలు కలుస్తాయి, అసలు డైరెక్టరీలో చెట్టు ఆకారం మారిపోతుంది. కానీ పాత అప్లికేషన్లలో పాత పేరు పాతుకుపోయి ఉంటుంది, ఒక్కొక్కదాన్నీ తెరిచి మార్చే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకని మధ్యలో ప్రాక్సీని కూర్చోబెడతాం. అప్లికేషన్ పాత పేరుతో అడుగుతుంది, ప్రాక్సీ దాన్ని కొత్త పేరుగా మార్చి లోపలికి పంపుతుంది.

పోయే దారి, వచ్చే దారి

డీఎన్, అంటే డైరెక్టరీలో ఒక మనిషి పూర్తి పేరు, కవరు మీద అడ్రస్ లాంటిదే. మనిషి పేరుతో మొదలై, విభాగం మీదుగా, చివరికి ఊరి పేరుతో ముగుస్తుంది. ఆ ఊరి పేరునే సఫిక్స్ అంటాం. అందులో యూఐడీ, సీఎన్ మనిషికి, ఓయూ విభాగానికి, డీసీ ఊరి పేరులోని ముక్కలకి గుర్తులు. మా ఆఫీసు సంగతే తీసుకోండి. అప్లికేషన్లకు తెలిసిన సఫిక్స్ "డీసీ=ఆఫీస్,డీసీ=లోకల్". విలీనం తర్వాత అసలు డైరెక్టరీలో మా వాళ్లంతా "ఓయూ=హైద్,డీసీ=ఆఫీస్,డీసీ=లోకల్" కిందికి చేరారు. అంటే ప్రాక్సీ చెయ్యాల్సిందల్లా పోయేటప్పుడు మధ్యలో "ఓయూ=హైద్" కలపడం, వచ్చేటప్పుడు అదే తీసెయ్యడం.

ఆ రెండో సగాన్నే అందరూ మర్చిపోతారు. నేనూ మర్చిపోయాను.

అప్పుడు నేను వేరే కంపెనీలో ఉన్నాను. శుక్రవారం సాయంత్రం రూల్ చేత్తో రాశాను. డైరెక్టరీలో వెతికే ఎల్‌డాప్‌సెర్చ్ కమాండు కొట్టి చూస్తే మనుషుల పేర్లు టకటకా వచ్చాయి. సంతోషంగా ఇంటికెళ్లాను. సోమవారం మెట్రో ఇంకా అమీర్‌పేట దాటలేదు, హెల్ప్‌డెస్క్ కుర్రాడి ఫోన్.

"అక్కా, అందరికీ పాస్‌వర్డ్ తప్పని వస్తుంది. పదిమందికి రీసెట్ చేసిన, అయినా వస్తలేదు."

"రీసెట్లు ఆపు తమ్మీ. లాగ్‌లో ఒక్క మనిషి బైండ్ లైను చూసి, పేరు మొత్తం చదివి చెప్పు."

వాడు చదువుతున్నాడు: "యూఐడీ ఏదో ఉంది అక్కా, తర్వాత ఓయూ హైద్, మళ్లీ ఓయూ హైద్..."

రెండుసార్లు. అక్కడికి నాకు విషయం అర్థమైంది. లాగిన్ పేజీ చేసే పని రెండు మెట్లు. ముందు యూజర్ ఐడీతో వెతికి ఆ మనిషి పూర్తి డీఎన్ తెచ్చుకుంటుంది, తర్వాత ఆ డీఎన్‌తోనే పాస్‌వర్డ్ ఇచ్చి బైండ్ అవుతుంది, అంటే డైరెక్టరీలోకి లాగిన్ అవుతుంది. నా రూల్ పోయేటప్పుడు "ఓయూ=హైద్" కలిపింది. జవాబు వచ్చేటప్పుడు తియ్యలేదు. అప్లికేషన్ ఆ "హైద్" ఉన్న పేరునే పట్టుకుని బైండ్‌కి వచ్చింది, ప్రాక్సీ దానికి ఇంకో "హైద్" తగిలించింది. అలాంటి మనిషి లోపల ఎక్కడా లేడు. ఆ సంగతి డైరెక్టరీ నేరుగా చెప్పదు. ఫలానా పేరు ఉందా లేదా అన్నది బయటివాళ్లకు తెలియనివ్వకూడదు కాబట్టి బైండ్‌లో మనిషి దొరక్కపోయినా, పాస్‌వర్డ్ తప్పయినా ఒకటే జవాబు, 49 అనే ఎర్రర్ నంబరు. అందుకే తెర మీద "పాస్‌వర్డ్ తప్పు" అని వస్తుంది. పాపం హెల్ప్‌డెస్క్ వాళ్లు రీసెట్లు చేసుకుంటూ పోతారు.

ఎందుకిలా జరిగిందంటే, ఆర్‌డబ్ల్యూఎంలో రూల్స్ అన్నీ కాంటెక్స్టుల కింద, అంటే ఏ సందర్భంలో వచ్చే పేరుకు ఏ రూల్ అని చెప్పే విభాగాల కింద ఉంటాయి. పేరేమీ పెట్టకుండా రాసిన రూల్ డిఫాల్ట్ కాంటెక్స్టులో పడుతుంది. బైండ్ డీఎన్, సెర్చ్ డీఎన్ లాంటి పోయే దారి కాంటెక్స్టులకు సొంత రూల్ లేకపోతే ఆ డిఫాల్ట్ వర్తిస్తుంది. వచ్చే దారికి ఈ సౌకర్యం లేదు. సెర్చ్ ఎంట్రీ డీఎన్ అనే కాంటెక్స్టును మీరు విడిగా రాస్తేనే ఉంటుంది, లేకపోతే జవాబులో పేరు ఉన్నదున్నట్టు బయటికి వెళ్లిపోతుంది. అది రాస్తే, ఆట్రిబ్యూట్లలో (ఎంట్రీ లోపలి సమాచారపు గడుల్లో) ఉన్న డీఎన్‌ల కోసం ఉన్న సెర్చ్ ఆట్రిబ్యూట్ డీఎన్ దాన్నే అనుసరిస్తుంది కాబట్టి గ్రూపుల్లో మెంబర్ పేర్లు కూడా సర్దుకుంటాయి.

అందుకని మొదటి జాగ్రత్త: మీకు కావాల్సింది ఒట్టి సఫిక్స్ మార్పే అయితే చేత్తో రూల్స్ రాయకండి. సఫిక్స్ మసాజ్ అనే ఒక్క లైను ఉంది. ముందు అప్లికేషన్‌కి కనబడే పేరు, తర్వాత అసలు పేరు ఇస్తే రెండు దారుల రూల్స్ అదే తయారు చేసుకుంటుంది. రెజెక్స్ (నమూనాతో అక్షరాలు పట్టుకునే రాత) వచ్చు కదా అని చెయ్యి దురదపెడుతుంది, నాకూ పెట్టింది. ఫలితం పైన చెప్పాను.

వందసార్లు హైద్

చేత్తో రాయక తప్పని సందర్భాలు ఉంటాయి. కొంతమంది ఒక ఓయూలో, కొంతమంది ఇంకో ఓయూలో ఉంటే మసాజ్ సరిపోదు. అప్పుడు గుర్తుపెట్టుకోవాల్సిన చిన్న గుర్తు కోలన్.

రూల్‌కి మూడు ముక్కలు. వెతకాల్సిన నమూనా, పెట్టాల్సిన పేరు, చివర ఫ్లాగులు. ఫ్లాగు ఏమీ పెట్టకపోతే ఆ రూల్ ఒకసారితో ఆగదు. ఫలితం మీద మళ్లీ తనే నడుస్తుంది, నమూనా కుదిరినంతసేపు తిరుగుతూనే ఉంటుంది. మా పేర్లు చూడండి. "డీసీ=ఆఫీస్,డీసీ=లోకల్"తో ముగిసేదాన్ని పట్టుకుని మధ్యలో "ఓయూ=హైద్" పెడుతున్నాం. పెట్టాక కూడా పేరు "డీసీ=ఆఫీస్,డీసీ=లోకల్"తోనే ముగుస్తుంది కదా. మళ్లీ కుదిరింది, మళ్లీ పెట్టింది. ఆగేదెప్పుడంటే, మాక్స్ పాసెస్ అనే హద్దు తగిలినప్పుడు. అది మామూలుగా 100.

ఇక్కడ ఇంకో తిరకాసు. హద్దు తగలడాన్ని ఓపెన్ ఎల్‌డాప్ ఎర్రర్‌గా లెక్కపెట్టదు. తిరగడం ఆపేసి, అప్పటిదాకా తయారైన పేరునే చల్లగా లోపలికి పంపేస్తుంది. అక్కడి నుంచి 32 వస్తుంది, అంటే అలాంటి ఎంట్రీ లేదని. మీరేమో అసలు డైరెక్టరీలో డేటా పోయిందేమో అని టెన్షన్ పడి ఆ టీమ్‌కి ఫోన్ చేస్తారు. వాళ్లు "మా దగ్గర అన్నీ ఉన్నాయి" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు. ప్రాక్సీ లాగ్ తెరిస్తే ఒక లైను తెర వెడల్పు దాటి, మడతలు పడి, ఓయూ హైద్, ఓయూ హైద్, ఓయూ హైద్ అని జపం చేస్తూ కనబడుతుంది.

రూల్ చివర ఫ్లాగుల చోట ":" పెడితే ఒక్కసారే నడుస్తుంది. మా టీమ్‌లో కొత్తగా వచ్చిన వాళ్లకు నేను చెప్పే గుర్తు ఇదే. లాగ్‌లో హైద్ రెండుసార్లు ఉంటే వచ్చే దారి రాయలేదు. వందసార్లు ఉంటే కోలన్ పెట్టలేదు. అసలు ఒక్కసారి కూడా లేకపోతే నమూనా కుదరలేదు.

నమూనా కుదరకపోవడానికి నేను చూసిన కారణాలు కొన్నే. కామా తర్వాత ఖాళీ వదలడం మొదటిది. మనం టైపు చేసేటప్పుడు "డీసీ=ఆఫీస్, డీసీ=లోకల్" అని చూడ్డానికి బాగుండేలా ఖాళీ పెడతాం. సర్వర్ మాత్రం డీఎన్‌ని తన పద్ధతిలో సర్దుకుని ఆ ఖాళీ తీసేశాకే రూల్‌కి ఇస్తుంది, కాబట్టి ఖాళీ ఉన్న నమూనా ఎప్పటికీ కుదరదు. రెండోది, సఫిక్స్ ముందు కామా తప్పనిసరి చెయ్యడం. అప్పుడు మనుషుల పేర్లన్నీ కుదురుతాయి, సఫిక్స్‌నే బేస్‌గా, అంటే వెతకడం మొదలుపెట్టే చోటుగా ఇచ్చి అడిగితే మాత్రం కుదరదు, ఎందుకంటే దాని ముందు కామా ఉండదు. అప్లికేషన్లన్నీ వెతికేది అక్కడి నుంచే. అందుకే "(.+,)?" అని, ఉంటే ఉంది లేకపోతే లేదు అన్నట్టు రాయాలి. చివర "$" పెట్టి పేరు చివరే కుదరాలని కట్టెయ్యాలి. పట్టుకున్న ముక్కను తిరిగి పెట్టేటప్పుడు "$1" కాదు, "%1". వేరే భాషల్లో రెజెక్స్ అలవాటైన వాళ్లు ఇక్కడ తడబడతారు. పెద్దక్షరం, చిన్నక్షరం గొడవ మాత్రం లేదు. సీ ఫ్లాగు పెడితే తప్ప రూల్ వాటికి తేడా చూడదు.

ఇంకొకటి మన పేర్లతోనే వస్తుంది. ఇంటిపేరు ముందా వెనకా అన్న తగువు హెచ్‌ఆర్ సిస్టమ్ దాకా వెళ్లి, చివరికి సీఎన్‌లో "ఇంటిపేరు, పేరు" అని కామాతో సహా పడుతుంది. డీఎన్‌లో ఆ కామా బ్యాక్‌స్లాష్ కామాగా ఉండొచ్చు, బ్యాక్‌స్లాష్ 2సీగా ఉండొచ్చు. రెండూ ఒకటే, 2006లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4514 అనే ప్రమాణ పత్రం రెండు రూపాలనూ ఒప్పుకుంటుంది. "కామా దాకా ఉన్నది పేరు" అనుకుని రాసిన నమూనా మాత్రం మొదటి రూపంలో ఇంటిపేరు దగ్గరే తెగిపోతుంది. కాబట్టి పరీక్షకు "టెస్ట్1" లాంటి చక్కటి పేరు తీసుకోకండి. మీ ఆఫీసులో అందరికంటే వంకర పేరున్న మనిషిని వెతికి పెట్టుకోండి. మాకు అలాంటి ఆయన ఒకరున్నారు. మూడు ఇనీషియల్స్, వాటి మధ్య చుక్కలు, ఒక కామా, చివర బ్రాకెట్లో ఊరి పేరు. ప్రతి మార్పుకూ మొదటి లాగిన్ ఆయనదే.

గ్రూపులు

మనిషి లాగిన్ అవుతాడు, తీరా లోపల ఏ ఫోల్డరూ తెరుచుకోదు. ఇది 49 కంటే చిరాకు, ఎందుకంటే ఎర్రరే ఉండదు. అప్లికేషన్ "ఈ డీఎన్ మెంబర్‌గా ఉన్న గ్రూపులేవి" అని ఫిల్టర్‌లో, అంటే వెతుకులాట షరతులో అడుగుతుంది. ఫిల్టర్ లోపలున్న డీఎన్ కూడా పోయే దారిలో మారాలి, దానికి సెర్చ్ ఫిల్టర్ ఆట్రిబ్యూట్ డీఎన్ అని విడిగా కాంటెక్స్ట్ ఉంది. అది కుదరకపోతే సర్వర్ సున్నా ఎంట్రీలు ఇచ్చి, రిజల్ట్ 0 అంటుంది. 0 అంటే సక్సెస్. లాగ్ పచ్చగా ఉంటుంది, యూజర్ ముఖం ఎర్రగా ఉంటుంది.

దీనికే ఇంకో పక్క ఉంది. ఆర్‌డబ్ల్యూఎం మార్చేది స్కీమాలో (ఏ ఆట్రిబ్యూట్ ఏ రకమో చెప్పే పట్టికలో) డీఎన్ రకంగా రాసి ఉన్న ఆట్రిబ్యూట్లను మాత్రమే. వెనకాల మైక్రోసాఫ్ట్ వాళ్ల యాక్టివ్ డైరెక్టరీ ఉండి, మనిషి ఏ గ్రూపుల్లో ఉన్నాడో చెప్పే మెంబర్ఆఫ్ లాంటి ఆట్రిబ్యూట్ ప్రాక్సీ స్కీమాకి తెలియకపోతే, ప్రాక్సీ దృష్టిలో అది ఒట్టి అక్షరాల వరస. ముట్టుకోకుండా పంపేస్తుంది. కాబట్టి మార్పుకు ముందే, మీ అప్లికేషన్లు చదివే ఆట్రిబ్యూట్లలో డీఎన్ ఉండేవి ఏవో రాసుకుని, ప్రాక్సీ స్కీమాలో అవన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి. ఆట్రిబ్యూట్ పేర్లు మార్చే మ్యాప్ లైన్లు కూడా ఉంటే, ఒట్టి నక్షత్రం గుర్తు పెట్టి మిగతావన్నీ దాచేసే లైను ఎక్కడైనా ఉందేమో చూడండి. ఎవరో ఎప్పుడో పెట్టి ఉంటారు. కొత్తగా కావాల్సిన ఆట్రిబ్యూట్‌ని అదే మింగేస్తుంటుంది.

పరీక్ష ఎక్కడ చెయ్యాలి

నడుస్తున్న ప్రాక్సీ మీద వద్దు. అదే మెషీన్‌లో ఇంకో స్లాప్‌డీని (ఓపెన్ ఎల్‌డాప్ సర్వర్ ప్రోగ్రామ్‌ని), ఆ మెషీన్‌కి మాత్రమే అందే 127.0.0.1 మీద, మామూలు పోర్టు 389 వదిలేసి 1389 లాంటి వేరే పోర్టులో, కొత్త కాన్ఫిగ్‌తో లేపండి. ముందు స్లాప్‌టెస్ట్ కొట్టండి, కాకపోతే అది చెప్పేది వ్యాకరణం బాగుందని మాత్రమే. రూల్ అర్థం బాగుందో లేదో దానికి తెలీదు.

లేపేటప్పుడు డీబగ్ లెవల్ 5 ఇవ్వండి. ట్రేస్ 1, ఆర్గ్యుమెంట్లు 4, కలిపితే 5. అప్పుడు రూల్ నడిచిన ప్రతిసారీ రీరైట్ కాంటెక్స్ట్ అప్లై అనే లైన్లు జంటగా పడతాయి. మొదటి దాంట్లో స్ట్రింగ్ అని లోపలికి వచ్చిన పేరు, రెండో దాంట్లో రెస్ అని బయటికి వెళ్లిన పేరు. వాటి మధ్య ఏ రూల్ ఎన్నోసారి నడిచిందో ఉంటుంది. అన్ని లెవల్స్ ఒకేసారి తెరిచే "-1" ఇవ్వకండి. ఆ వరదలో మీకు కావాల్సిన లైను దొరకదు సరికదా, ప్యాకెట్లతో పాటు జనాల పాస్‌వర్డులు కూడా ఫైల్లోకి వస్తాయి. ఆ ఫైలు టికెట్‌కి అటాచ్ చేశారంటే అదో కొత్త కేసు.

పరీక్ష సరిగ్గా అప్లికేషన్ నడిచిన వరసలోనే ఉండాలి. సర్వీస్ అకౌంటుతో బైండ్, యూజర్ ఐడీతో వెతకడం, వచ్చిన డీఎన్‌ని అక్షరం కూడా మార్చకుండా తీసుకుని దాంతో మళ్లీ బైండ్, ఆ డీఎన్‌తోనే గ్రూపుల వెతుకులాట. మూడో మెట్టులో డీఎన్‌ని చేత్తో టైపు చేస్తే మీకు అలవాటైన పాత పేరే కొడతారు, అంతా పాస్ అయిపోతుంది. నా శుక్రవారం సాయంత్రం అలాగే గడిచింది.

జవాబుల్లో "ఓయూ=హైద్" ఎక్కడైనా మిగిలిందా అని గ్రెప్ చేస్తారు కదా, అక్కడ రెండు మోసాలు. ఎల్‌డాప్‌సెర్చ్ పొడుగు లైన్లను మడతపెడుతుంది, మడత సరిగ్గా హైద్ మధ్యలో పడితే గ్రెప్‌కి దొరకదు. మడత వద్దని చెప్పే ఎల్‌డిఫ్ వ్రాప్ ఆప్షన్‌కి "నో" ఇచ్చి నడపండి. రెండోది, పేరులో ఇంగ్లీషు అక్షరాలు కానివి ఉంటే డీఎన్ తర్వాత రెండు కోలన్లు వేసి మొత్తం బేస్64 అనే సంకేత రూపంలో ఇస్తుంది. ఎవరైనా తమ పేరు తెలుగులో పెట్టించుకుంటే వాళ్ల లైన్లన్నీ అలాగే వస్తాయి. విప్పి చూడాల్సిందే.

లినక్స్ మెషీన్‌లో యూజర్ వివరాలు చూపే ఐడీ కమాండ్ కొట్టి "వస్తోంది కదా" అనుకోకండి. అక్కడ డైరెక్టరీని అడిగి వివరాలు తెచ్చే ఎస్‌ఎస్‌ఎస్‌డీ అనే ప్రోగ్రామ్ మామూలుగా ఎంట్రీలను 5400 సెకన్లు, అంటే గంటన్నర దాచుకుంటుంది. మీరు ఆనందంగా టీకి వెళ్లి వచ్చేసరికి అసలు రంగు బయటపడుతుంది. ముందు ఎస్‌ఎస్‌ఎస్ క్యాష్ కమాండుతో దాచినవన్నీ పాతబడినట్టు గుర్తు పెట్టించి, అప్పుడు చూడండి.

మార్చే రాత్రి

కాన్ఫిగ్ మొత్తం స్లాప్‌క్యాట్ కమాండుతో, కాన్ఫిగ్ ఉండే డేటాబేస్ నంబరు సున్నా ఇచ్చి ఒక ఫైల్లోకి దించుకోండి. ఫైలు ఉంటే సరిపోదు, దాన్ని వేరే ఫోల్డర్‌లోకి స్లాప్‌యాడ్‌తో ఎక్కించి, స్లాప్‌డీ దాంతో లేస్తుందో లేదో ముందురోజే చూడండి. రూట్‌గా ఎక్కిస్తే ఫైళ్లన్నీ రూట్ పేరు మీద పడి, ఎల్‌డాప్ యూజర్‌తో నడిచే సర్వర్ వాటిని చదవలేక మొరాయిస్తుంది. వెనక్కి తిప్పాల్సిన కంగారులో ఇది గుర్తురాదు, అందుకే ముందే రాసి పెట్టుకోవాలి.

రూల్స్ కాన్ఫిగ్ చెట్టులో ఉంటే ప్రతి దానికీ ముందు మీసాల బ్రాకెట్లో వరస నంబరు ఉంటుంది. మధ్యలో ఒకటి తీస్తే కింద ఉన్నవన్నీ జరుగుతాయి. ఇందాక రాసుకున్న నంబరుతో రెండోది తీస్తే వేరే రూల్ పోతుంది. ప్రతిసారీ మళ్లీ చదివి తియ్యండి, లేదా మొత్తం వరసను ఒకేసారి కొత్తదానితో మార్చండి. నేను రెండోదే చేస్తాను. ఒకటి కంటే ఎక్కువ ఓవర్‌లేలు ఉంటే చివర రాసింది ముందు నడుస్తుందన్నది కూడా మనసులో ఉంచుకోండి. వాటిలో పేరు చూసి పనిచేసేది ఏదైనా ఉంటే, దానికి అందేది మార్పుకు ముందు పేరా, తర్వాతదా అన్నది ఈ వరస మీదే ఆధారపడుతుంది.

వాన గట్టిగా పడే రోజు రాత్రి పెట్టుకోకండి. ఇంట్లో కరెంటు పోయి, వీపీఎన్ తెగి, రూల్ సగం మార్చిన దశలో ఇరుక్కుంటే, రోడ్ల మీద నీళ్లు దాటుకుని ఆఫీసుకు వెళ్లడం మీ వల్ల కాదు. పైగా ఆ వీపీఎన్ కూడా చాలాచోట్ల ఇదే ప్రాక్సీని అడిగి మనుషుల్ని లోపలికి రానిస్తుంది. అంటే తప్పు రూల్ పెడితే, దాన్ని సరిచెయ్యడానికి మీరే లోపలికి రాలేరు. డైరెక్టరీతో సంబంధం లేని ఒక లోకల్ అకౌంట్, దాని పాస్‌వర్డ్, ఆ రాత్రి నిజంగా ఆఫీసులో కూర్చునే ఒక మనిషి, ఈ మూడూ ఉంటేనే మొదలుపెట్టండి.

మర్నాడు పొద్దున జనం వచ్చే వేళకి లాగ్ ముందు కూర్చుని 49లు, 32లు మామూలు రోజుతో పోల్చి చూడండి. మామూలు రోజు ఎన్ని ఉంటాయో ముందే లెక్కపెట్టుకుని ఉండాలి, సోమవారాల్లో పాస్‌వర్డ్ మర్చిపోయే వాళ్లు ఎప్పుడూ ఉంటారు. హెల్ప్‌డెస్క్‌కి ఒక్క మాట చెప్పి ఉంచండి: ఇవాళ రీసెట్ చేసే ముందు మాకు ఫోన్ చెయ్యండి. అంతా కుదుటపడ్డాక, గమనించడానికి పెంచిన లాగ్ లెవల్‌ని తిరిగి మామూలు 256కి దించండి. నేను ఒకసారి దించకుండా దసరాకి ఊరెళ్లాను. తిరిగొచ్చేసరికి డిస్క్ నిండిపోయి ప్రాక్సీ ఆగిపోయి ఉంది, రూల్ మాత్రం చక్కగా పనిచేస్తోంది.